ఏడాది తిరగకముందే

గీకితే రాలేది పెచ్చులే గదా, పరువు కాదు గదా, అనుకుంటూ రజిత ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లో నిలబడింది, నిచ్చెన మీద రంగులేసే పర్వతాలు ఇనుప రేకుతో బరబరా గీకుతుంటే ఇరవై రెండేళ్ల నాచు, నాచు కింద నీలం, నీలం కింద అత్తగారి కాలం నాటి సున్నం, పొరలు పొరలుగా షాబాద్ బండల మీద పడుతున్నాయి, ఆ బండలు కూడా లేపించాలి, రెండు కుంగిపోయాయి, వానొస్తే గేటు దాకా మడుగే, ఇల్లు మాత్రం ఒకటే, కార్ఖానా బస్తీలో ఎవరినడిగినా చూపిస్తారు, అన్నదమ్ములు పంచుకున్నప్పుడు నడిమధ్యకు గీత గీశారు, అటు సగం బావ హరికిషన్‌ది, ఇటు సగం తన మొగుడు విజయేందర్‌ది, అటు గులాబీ రంగు నిగనిగలాడుతుంటే ఇటు బూజు పట్టిన రొట్టె, గేటుకు సైతం ఒక రెక్క నలుపు మీద బంగారు గీతలు, ఇంకో రెక్క తుప్పు, ఆ తుప్పు రెక్క మాది భయ్యా అని ఆటోవాళ్లకు ఆనవాలు చెప్పుకునే బతుకు, చాలు, ఇంక చాలు. ఏ రంగక్కా, అని పొద్దున పర్వతాలు అడిగి, తనే నీళ్లు నమిలి, తెల్లది ఏద్దామా అన్నాడు, మొగుడు పోయిన ఇంటికి తెలుపే నప్పుతుందని పాపం అతని లెక్క, చామంతి పసుపు వెయ్యి అన్నది తను, ఎదురింటి మేబెల్ టీచర్ విని వాళ్ల నిచ్చెన మోయించి పంపింది.

అదిగో, అటువైపు తలుపు తెరుచుకుంది, చెప్పుల చప్పుడు, బావ వస్తున్నాడు, రానీ, ఏందిది రజితా, అని అక్కడి నుంచే షురూ చేశాడు, తమ్ముడు పోయి ఆర్నెల్లు సుత కాలే, యాడాది తిరగకముందే ఇంటికి రంగేస్తరా ఎవరన్నా, బస్తీల తలెత్తుకోనిస్తవా లేదా, ఏయ్ దిగు నువ్వు, అని పర్వతాలును గద్దించాడు, అతను చెయ్యి ఆపి తన దిక్కు చూస్తున్నాడు, ఎవరి మాట వినాలో తెలియక, అహా, ఏడాది పట్టింపు ఇప్పుడు గుర్తొచ్చిందా ఈయనకు, ఆ గులాబీ రంగు ఎప్పుడు పడిందో గోడ చెప్పదా, మూడో నెలలో, ఆయన బిడ్డ నిశ్చితార్థానికి, ఇదే వాకిట్లో సగం దాకా షామియానా, మైక్‌లో పాటలు, ఆ రోజంతా తను కిటికీలు మూసుకుని లోపల కూర్చుంది, శుభకార్యంలో కంటపడకూడదు గదా, అయినా ముందు రోజు మెల్లగా అడిగింది, మీకు పట్టింపు లేదా బావా అని, మేం వేరుపడ్డోళ్లమమ్మా, మాకు పదకొండు రోజులతోటే తీరింది, యాడాది మీ ఇంటికే, అన్నాడు, మైలకైతే వేరు, పెత్తనానికైతే ఉమ్మడి, ఎంత బాగుంది ఈ న్యాయం, పోయిన నెల ఎవడో వచ్చి గేటుకు ఫోటోలు తీసుకుంటుంటే మేబెల్ టీచర్ ఆపి అడిగింది, యాడాది అయినంక ఈ సగం అమ్మకానికొస్తదంట గదా మేడం, ఆమె ఖాళీ చేస్తదంట, అన్నాడట వాడు, ఎవరు చెప్పారని అడగాలా, ఏడాది ఎవరికి గడువో ఆ పూట అర్థమైంది, గోడ నల్లగా ఉన్నన్నాళ్లూ చూసేవాళ్లకు ఇది పోయే ఇల్లే, తను పోయే మనిషే, అందుకే కబురు పెట్టింది పర్వతాలుకు, నేను ఎక్కడికీ పోవట్లేదని నలుగురికీ నోటితో చెప్పుకుంటూ తిరగలేక, ఈ మాటలన్నీ గొంతు దాకా వచ్చి ఉన్నాయి, అనేద్దామని నోరు తెరిచిందో లేదో ఆయనే అన్నాడు, గొంతు తగ్గించి, బతికున్నన్నాళ్లు ఈ గోడ గురించే సతాయించినవ్ వాణ్ని, పోయినంక సుత వదలవా.

ఎక్కడ కొట్టాలో తెలిసే కొట్టాడు, మధ్యన ఒక్క గోడ, అన్నీ వినపడతాయి, ఆ పొద్దున కూడా వినపడే ఉంటుంది, విజయేందర్ బనియన్‌తో నిలబడి టిఫిన్ డబ్బా మూత వెతుక్కుంటూ, ఈ దసరాకు పక్కా రజితా, అంటే, ఇరవై దసరాలు పోయినయ్, నీ మాట నమ్మితే గోడ కూలినంకనే ఏస్తవ్ రంగు, అని తను ఎగిరింది, చాయ్ సగం వదిలేసి పోయాడు, బేగంపేట మెట్రో మెట్ల మీద కూలబడ్డాడు, పదిన్నరకు ఎవరిదో ఫోన్, అప్పటి నుంచి ఆ సగం చాయ్ గొంతులోనే ఉంది, నా నోరే మింగింది మనిషిని అని ఎన్నిసార్లు అనుకుందో, పదో రోజు తోడికోడలు పక్కన కూర్చుని, పొద్దున్నే గొడవైందంట గదా అంటే తల వంచుకుంది, వంచిన తల ఇప్పటిదాకా ఎత్తలేదు, విజయ్, ఒక్కసారి వచ్చి చెప్పరాదూ, కోపంతోనే పోయావా ఆ రోజు, కోపంతోనా, ఏం కోపం, గేటు దగ్గర తిరిగి చూశాడు గదా, తుప్పు రెక్క కిర్రుమంటే, నీ లెక్కనే మొత్తుకుంటుంది ఇది సుత, అని నవ్వాడు గదా, నవ్వాడు, ఆ నవ్వును ఇన్నాళ్లు ఎట్లా మరిచింది తను, అందరూ కలిసి గొడవనొక్కదాన్ని మిగిల్చి నవ్వును తీసేశారు, ఏళ్ల నుంచి గుండె నరాలు పూడుకుపోయాయని డాక్టర్ చెప్పింది కూడా తీసేశారు, రోజుకు డబ్బా సిగరెట్లు తాగిన సంగతీ తీసేశారు, సతాయించిన, అవును, నా మొగుణ్ణి నేను సతాయించిన, పక్కింటోణ్ణి కాదు గదా, ఇరవై రెండేళ్లు కాపురం చేసినదాన్ని, ఆ మాత్రం అడగనా.

ఈసారి మాట బయటికే వచ్చింది, మెల్లగానే వచ్చింది, బావా, వేరుపడ్డోళ్లం గదా, మీ సగంల మీరుండుండ్రి, పర్వతాలూ, దిగకు, మూలకు ఇంకా నాచుంది, మంచిగ గీకు, హరికిషన్ ఏదో అనబోయాడు, పైనుంచి పెచ్చులు జలజలా రాలాయి, భుజం దులుపుకుంటూ వెనక్కి జరిగాడు, గొణుక్కుంటూ గీత దాటి అటు పోయాడు, దుమ్ము తన జుట్టు నిండా పడుతున్నా రజిత కదల్లేదు, ఏడుస్తోంది, తుడుచుకోలేదు, ఏడవనీ, విజయ్ కోసం ఏడ్వడానికి ఎవరి పట్టింపూ అక్కర్లేదు, కానీ తప్పు చేసినదానిలా ఏడ్చే పని ఇక లేదు, ఆ పొద్దున తను గోడకు రంగు అడిగింది, అంతే, రంగు అడిగితే మనిషి చావడు.