పేరు తెలియని పెద్దమనిషికి మునిమనవణ్ణి

ఆ రోజు మా మేనకోడలికి మ్యూజియంలో గైడు ఉద్యోగానికి పరీక్ష. చూడ్డానికొచ్చిన జనాన్ని చివరి గది దాకా జారిపోకుండా తీసుకెళ్తే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. పెద్దాఫీసరు చేతులు వెనక్కి కట్టుకుని గుంపు వెనకాలే నడుస్తున్నాడు. నోరు మూసుకుని ఉంటానని మా అక్క తల మీద చెయ్యేసి ఒట్టేసి, నేనూ టికెట్టు కొనుక్కుని వెళ్లాను.

పిల్ల పాపం, ఎక్కాలు అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. ఏ కుండ ఏ కాలానిది, పొడవెంత, వెడల్పెంత. కుండల గది దాటేసరికి ఆవులింతలు. కత్తుల గదిలో ఓ కుటుంబం కుటుంబమంతా క్యాంటీను వైపు జారుకుంది. చిత్రపటాల గదికొచ్చేసరికి మిగిలినవాళ్లూ తలుపు వంక చూస్తున్నారు. పిల్ల పొడవూ వెడల్పూ తారుమారు చేసేసింది.

ఇక ఆగలేకపోయాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను.

ఎదురుగా గోడ మీద ఓ మీసాలాయన పటం. బల్ల ముందు పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. కింద 'పేరు తెలియని పెద్దమనిషి' అని రాసుంది.

"పేరు తెలియకపోవడమేంటండీ? ఈయన మా ముత్తాత!" అన్నాను మీసం దువ్వుకుంటూ.

తలుపు దాకా వెళ్లినవాళ్లు వెనక్కొచ్చారు. పెద్దాఫీసరు పరుగెత్తుకొచ్చాడు.

"నిజమా! ఆయన పేరేంటండీ?"

అంత దూరం నేను ఆలోచించలేదు.

మేనకోడలి మొహం కందగడ్డయింది. "అబద్ధం సార్! ఈయన మా మావయ్య. పుట్టి బుద్ధెరిగి ఒక్క నిజం చెప్పలేదు."

"ఆ మీసం చూడవే, అచ్చం..."

"మీసం సంగతి తర్వాత. చేతిలో ఏముందో చూడు. పుస్తకం! మనింట్లో పుస్తకం పట్టుకున్న మొదటిదాన్ని నేనే. మన ముత్తాతైతే దాన్ని తలకింద పెట్టుకుని పడుకునేవాడు."

గుంపు గొల్లుమంది. కోపంలో పిల్ల అంకెలన్నీ మరిచిపోయింది. "ఈయనా చదవట్లేదు, చూడండి. కళ్లు కిటికీ మీదున్నాయి. కూర్చుని కూర్చుని విసుగెత్తిపోయాడు. బల్లకింద చూడండి, బూట్లు విప్పేశాడు. చిరిగిన మేజోట్లోంచి బొటనవేలు బయటికొచ్చింది!"

అందరూ వంగారు. పెద్దాఫీసరూ వంగాడు. "ఇన్నాళ్లూ ఈ వేలు నాకు కనబడనే లేదే!" అన్నాడు.

ఆ తర్వాత ఒక్కరూ జారుకుంటే ఒట్టు. క్యాంటీనుకెళ్లిన కుటుంబం కూడా నవ్వులు విని మూతులు తుడుచుకుంటూ వచ్చి కలిసింది. చివరి గదిలో పెద్దాఫీసరు, "రేపట్నుంచి వచ్చెయ్యమ్మా," అన్నాడు. నావైపు తిరిగి, "మీరు మాత్రం రావద్దు," అన్నాడు.

"వస్తాడు సార్, చెప్తే వినే రకం కాదు," అంది మేనకోడలు నవ్వుతూ. "ఈయన్ని నేను చూసుకుంటా."

అలా నవ్వుతూనే నా చెయ్యి చర్మం ఊడొచ్చేలా గిల్లింది.