నడుమ నుంచి లేచిన గాలి

విత్తనాల కోసం శెనక్కాయలు ఒలిచీ ఒలిచీ కెంచమ్మ బొటనవేళ్ళు పగిలిపోయాయి. కర్ణాటకలోని తెలుగు పల్లె మంగళవాడలో కరువు మూడో ఏడు. వాన పడుతుందో లేదో తెలియదు, విత్తనం మాత్రం సిద్ధంగా ఉండాలి. సిద్ధం చేయాల్సింది ఆడవాళ్ళే. మొగుడు సంజీవప్ప అరుగు మీద కూర్చుని మబ్బుల కోసం చూస్తాడు, అదీ ఒక పనేనట.

ఆ పూట కెంచమ్మకి వేళ్ళ నొప్పే గుర్తులేదు. బెల్లం పొట్లం కట్టి వచ్చిన కన్నడ పేపరు ముక్క ఆమె ఒళ్ళో ఉంది. ఏడో తరగతి దాకా చదివిన కన్నడ ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది. పక్కింటి ఈరక్కకి దాన్ని తెలుగులో చెబుతుంటే గొంతు ఆగడం లేదు.

"చుక్కల గుంపు ఒకటి ఉండాదంటక్కా, కోట్లకొద్దీ చుక్కలు! దాని నడుమ పెద్ద పెద్ద చుక్కలు పేలి, ఆడ నుంచి గాలి లేస్తాదంట. సెకండుకి వందల మైళ్ళు! ఆ గాలి బుడగలు బుడగలుగా ఉబ్బుతాదంట. బుడగ ఈ కొస నుంచి ఆ కొసకి ఎలుతురు పోవల్లన్నా వేల ఏండ్లు పడతాదంట!"

"ఆ గాలి మన చేని పక్కకి రాదు గదా?" అంది ఈరక్క నోరు తెరిచి.

కెంచమ్మ పకపకా నవ్వింది. చదవడంలో ఇంత సంతోషం ఉందని పెళ్ళయిన ఈ పదిహేనేళ్ళలో మరిచేపోయింది. ఊళ్ళో పెద్దలకి చదువు చెప్పే క్లాసు పెడుతున్నారు, పంతులమ్మగా ఆమె పేరే రాసుకున్నారు. సోమవారం నుంచి పావగడలో పది రోజుల ట్రైనింగ్. "పది దినాలు సంగటి ఎవురు చేసిపెడతారు?" అన్నాడు సంజీవప్ప. మాట అక్కడితో సరి. ఇన్ని కోట్ల చుక్కలున్న లోకంలో తనకి పది రోజులు దొరకవా? ఒళ్ళంతా ఏదో పొంగుతుంటే, "నడుమ నుంచి గాలి లేస్తాంటే ఎవురూ ఆపల్యారు!" అని గట్టిగా అనేసింది.

సరిగ్గా ఆ మాటే, అప్పుడే లోపలికొస్తున్న అత్త నల్లమ్మ చెవిన పడింది. కోడలి నడుములోంచి గాలి లేస్తోందట! గాలి అంటే నల్లమ్మకి తెలిసిన అర్థం ఒకటే, దయ్యం. కోడలి కళ్ళు చూస్తే మెరుస్తున్నాయి. "అయ్యో, నా కోడలికి గాలి సోకినాదప్పో!" అని గుండెలు బాదుకుంటూ పోయి, గాలి దించే బైలప్పని పిలుచుకొచ్చింది.

కెంచమ్మ చెప్పింది ఎవరూ వినలేదు. పేపరు చూపిస్తే, దాని మీదే వేపమండతో కొట్టాడు బైలప్ప. ఊరు ఊరంతా వాకిట్లో చేరింది.

"ఎవురే నువ్వు? యాడ నుంచి వచ్చినావు? ఏం కావల్ల నీకి?" అని ఆమెలోని గాలిని గద్దించాడు బైలప్ప.

కెంచమ్మ నిర్ఘాంతపోయింది. ఏం కావాలి నీకు? ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కరూ అడగని మాట! గాలి అడిగిందంటే ఈ ఊళ్ళో కాదనరు. పోయినేడు ఈరక్క మీది గాలి పచ్చచీర అడిగితే మారుమాట లేకుండా తెచ్చారు. ఇప్పుడు సంజీవప్ప కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జుట్టు విరబోసుకుని ఒక్క కేక వేస్తే చాలు, పది రోజులూ తనవే. వెయ్యమన్నట్టు ఈరక్క కన్ను కూడా గీటింది.

కేక నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పది రోజులూ గాలికిస్తారు, కెంచమ్మకి కాదు. రేపు క్లాసులో నిలబడి చదువు చెప్పేది ఎవరు మరి? ఆమె లేచి జుట్టు గట్టిగా ముడేసుకుంది. భయం వేసింది. భయం కంటే సంబరమే ఎక్కువైంది.

"గాలీ ల్యాదు, ఏమీ ల్యాదు బైలప్పన్నా. నేనే, కెంచమ్మని. సోమారం పావగడకి పోతాండా. అడగడం ల్యా, చెప్తాండా."