ఉప్పు చూడండి అత్తయ్యా

నేను ఇంట్లో మాట్లాడితే మూడో అంతస్తు దాకా వినిపిస్తుందని మా ఆయన అంటారు. మేముండేది రెండో అంతస్తులో. ఒక్క అంతస్తు ఎక్కడం ఏ గొంతుకైనా పెద్ద పనేమీ కాదు. అయినా ఒప్పుకుంటాను, నాకు ముక్కు మీద కోపం. చేసే పని కూడా అందుకు తగ్గట్టే దొరికింది. కళ్ళద్దాల షాపులో చూపు కొలతలు తీసి, అద్దం అరగదీసి, ఫ్రేములో బిగిస్తాను. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ మనిషికి సాయంత్రానికల్లా తలనొప్పి పట్టుకుంటుంది. అందుకే కొలతంటే నాకు ప్రాణం. "సుమారుగా" అన్న మాట వింటే ఒళ్ళు మండుతుంది.

అలాంటిదాన్ని మూడేళ్ళ క్రితం సముద్రం పిచ్చిలో పడ్డాను. ముందుగదిలో సోఫా ఉండాల్సిన చోట ఐదడుగుల గాజు తొట్టి పెట్టించాను. అందులో ఉప్పునీళ్ళు, రంధ్రాల రాళ్ళు, అలలు పుట్టించే రెండు మోటార్లు, నారింజరంగు చారల చేపలు రెండు, శంఖం మోసుకు తిరిగే పీత ఒకటి, వాటి మధ్య పగడాలు. పగడమంటే నగల్లో పొదిగే ఎర్రరాయి అనుకునేవాళ్ళు మా ఇంటికి వచ్చి నోరెళ్ళబెట్టేవాళ్ళు. రాయి మీద మొక్కలా నిలబడి, జంతువులా తిండి తింటూ, ముట్టుకుంటే సిగ్గుపడి ముడుచుకునే ప్రాణి అది. చుట్టాలొస్తే కూర్చోవడానికి చోటుండదు. నిలబడి తొట్టి చూసి వెళ్ళిపోతారు. నా మట్టుకు నాకు ఆ ఏర్పాటు కూడా బాగానే ఉంది.

వాటన్నిటిలోకీ నా పంచప్రాణాలూ దివిటీ పగడం మీదే. బొటనవేలంత ముక్కని తెచ్చి మూడేళ్ళు పెంచాను. ఒక్క తల ఐదు తలలైంది. దీపాలు వెలిగే వేళకి ప్రతి తలలోంచీ జానెడు పొడవున పచ్చటి వేళ్ళు బయటికొచ్చి, కొసల్లో బంగారు చుక్కలతో ఊగుతుంటే అన్నం సంగతే మర్చిపోయేదాన్ని.

ఆరు వారాలుగా అది ముడుచుకుపోతూ వచ్చింది. మొదట వేళ్ళు పొట్టివయ్యాయి, తర్వాత అసలు బయటికి రావడమే మానేశాయి. ఒకటి తర్వాత ఒకటిగా నాలుగు తలలు చచ్చి తెల్లటి ఎముక మిగిలింది. నేను కొలవని కొలత లేదు. నీళ్ళ వేడి కొలిచాను, సున్నం కొలిచాను, దీపాల వెలుతురు కొలిచాను. ఉప్పయితే పూటపూటా చూశాను. దానికో గొట్టం ఉంటుంది, బుల్లి దుర్భిణిలాంటిది. దాని గాజు మీద రెండు చుక్కల నీళ్ళు వేసి, వెలుతురు వైపు తిప్పి కన్ను పెడితే లోపల గీత ఓ అంకె దగ్గర ఆగుతుంది. ముప్ఫై ఐదు దగ్గర ఆగితే సముద్రమంత ఉప్పు ఉన్నట్టు. నా గీత ఎప్పుడు చూసినా ముప్ఫై ఐదు మీదే ఉండేది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, పగడం మాత్రం చచ్చిపోతోంది.

చివరికి చేపల డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయన డాక్టరేం కాదు, అక్వేరియం షాపు నడుపుతాడు. జబ్బుపడ్డ చేపల్నీ పగడాల్నీ తన దగ్గర ఉంచుకుని బాగుచేస్తాడని అందరూ ఆ పేరు పెట్టేశారు.

"ఒక్క తలే మిగిలింది. మీరే తీసుకుపోండి," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"వచ్చే శనివారానికి నా తొట్టి ఖాళీ అవుతుంది మేడమ్. పొద్దున పదకొండింటికి వచ్చి పట్టుకెళ్తా. కానీ ఒకసారి తీసుకెళ్తే ఇక నా దగ్గరే ఉంచేస్తాను. దాన్ని అటూ ఇటూ తిప్పితే బతకదు," అన్నాడు.

సరేనన్నాను. ఫోన్ పెట్టేసి ఏడ్చాను కూడా, దాచుకోవడం దేనికి!

ఆ మర్నాడే నేను ఎనిమిది రోజుల పాటు కంటి పరీక్షల శిబిరాలకి పోవాల్సొచ్చింది. మా ఆయనకి తొట్టి అప్పగిస్తే వార్తలు చదువుతూ చేపల తిండి పీతకి వేస్తారు. అందుకని అత్తయ్యకే అప్పగించాను. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "నీళ్ళు తగ్గినంత మేర వడపోసిన మంచినీళ్ళు పోయండి. రోజూ ఉప్పు చూడండి అత్తయ్యా, మర్చిపోకండి!" అని అరిచాను.

"చూస్తాలేమ్మా, నాకు ఉప్పు చూడటం నువ్వు నేర్పాలా?" అంది అత్తయ్య.

నేను చెప్పింది గొట్టంలో చూడమని. మూడేళ్ళుగా నా వెనకే నిలబడి చూస్తున్న మనిషి, ఆ మాత్రం తెలియదా అనుకున్నాను.

మొదటిరోజు రాత్రే ఆవిడ ఫోన్ చేసింది. నేను శిబిరంలో సామాన్లు సర్దుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకున్నాను.

"ఉప్పు చూశానమ్మాయ్. చప్పగా ఏడ్చింది."

వంట గురించి చెబుతోందనుకున్నాను. "అయితే కాస్త వేసుకోండి అత్తయ్యా, దానికి నన్నడగాలా?" అని పెట్టేశాను.

శనివారం పొద్దున పదింటికి ఇంటికి చేరాను. తొట్టిలో దీపాలు ఇంకా వెలగలేదు. పదకొండింటికి వాటంతటవే వెలుగుతాయి. చీకట్లో పగడం వైపు చూసే ధైర్యం లేక, బ్యాగు పక్కన పడేసి తిన్నగా గొట్టం అందుకున్నాను. రెండు చుక్కలు వేసి కన్ను పెట్టాను. గీత ముప్ఫై తొమ్మిది మీద ఉంది.

"అత్తయ్యా! నీళ్ళలో ఏం కలిపారు?"

ఆవిడ తాపీగా తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఉప్పు. నువ్వేగా వేసుకోమన్నావు?"

"నేనా? ఎప్పుడు?"

"ఫోన్‌లో. చప్పగా ఉందన్నా. కాస్త వేసుకోమన్నావు. రోజూ నీళ్ళు తగ్గినప్పుడల్లా కలిపి పోశాను."

"ఏ ఉప్పు? వంటింట్లోదా?"

"చేపలేమన్నా కూరా? ఆ నీలం బకెట్లోదే, నువ్వు కలిపేదే. చెంబు నీళ్ళలో కరగబెట్టి, ఒకసారే కుమ్మరించకుండా కొంచెం కొంచెంగా పోశా."

"ఉప్పు చూడమంటే గొట్టంలో చూడమని!"

"ఉప్పుని కంటితో చూసేవాళ్ళని నిన్నే చూస్తున్నా. నేను వేలు ముంచి నాలిక్కి రాసుకున్నా."

ఒంటికాలి మీద లేచాను. కొంప ముంచారన్నాను, ఆ ఒక్క తలా మీ చేత్తోనే చచ్చిందన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. ఉప్పూ కారం తినే మనిషికి ఆ మాత్రం కోపం రాదా? మా ఆయన పేపరు ముఖానికి మరింత దగ్గరగా జరుపుకున్నారు. ఆవిడ మాత్రం ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు.

"మా నాన్న ఉప్పుమళ్ళలో పనిచేసేవాడు. ఏ మడిలో నీళ్ళు పాకానికొచ్చాయో నాలికతో చెప్పేదాన్ని, ఎనిమిదేళ్ళప్పుడు. సముద్రం రుచి నాకు తెలుసు. నీ తొట్టిలోది సముద్రం కాదమ్మాయ్, పులుసులో ఉప్పు మర్చిపోయినట్టుంది."

"నాలికా గొట్టమూ ఒకటేనా? అది కొలత!" అంటూ రెండు బకెట్లు తెచ్చాను. ఒకదాంట్లోకి తొట్టి నీళ్ళు తోడి, రెండోదాంట్లో ఉన్న మంచినీళ్ళు పోసి ఉప్పు తగ్గించాలని నా ఆత్రం. నీళ్ళు లాగే పైపు నోట్లో పెట్టుకుని పీల్చబోతుంటే అత్తయ్య వచ్చి తొట్టికి అడ్డంగా నిలబడింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని పక్కకి తోయలేను కదా! అంతలో బెల్లు మోగింది.

చేపల డాక్టరు మూతబకెట్టుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను గుక్కతిప్పుకోకుండా చెప్పిందంతా విని, "ముందు మీరు ఆ పైపు కింద పెట్టండి మేడమ్," అన్నాడు. జేబులోంచి తన గొట్టం తీసి రెండు చుక్కలు వేసి చూశాడు. మళ్ళీ తుడిచి ఇంకోసారి చూశాడు.

"ముప్ఫై రెండు."

"ముప్ఫై తొమ్మిది," అన్నాను.

"మీ గొట్టం ఇలా ఇవ్వండి." దాని మీద ఉప్పు లేని వడపోత నీళ్ళు రెండు చుక్కలు వేశాడు. "ఉత్త నీళ్ళకి సున్నా చూపాలా? ఏడు చూపిస్తోంది. అంటే మీరు ముప్ఫై ఐదు అనుకున్నన్నాళ్ళూ తొట్టిలో ఉన్నది ఇరవై ఎనిమిదే. పాపం పగడం చప్పటి నీళ్ళలో ఈడ్చుకొచ్చింది. దీని మీద బుల్లి స్క్రూ ఉంది చూడండి, సున్నా సరిచేసేది. ఎవరైనా తిప్పారా?"

ఇంట్లో ఏ స్క్రూ వదులుగా కనిపించినా నా చెయ్యి ఊరుకోదు. ఆరు వారాల క్రితం మా ఆయన కళ్ళజోడు బిగిస్తూ, పక్కనే ఉన్న గొట్టం మీద స్క్రూ వదులుగా ఉంటే దాన్నీ శుభ్రంగా బిగించి పెట్టాను. బిగించి మురిసిపోయాను కూడా. ఆ వెంటనే గీత పైకెక్కి కనిపిస్తే, ఉప్పు ఎక్కువైందనుకుని మంచినీళ్ళు పోసి ముప్ఫై ఐదుకి దించిందీ నేనే. ఊళ్ళోవాళ్ళ కొలతలు రోజంతా సరిచూసే నేను, నా కొలతని మాత్రం ఒక్కసారైనా సరిచూడలేదు.

"నేనే తిప్పాను," అన్నాను. మా ఆయన పేపరు కిందికి దించి నన్ను వింతగా చూశారు. ఆ రెండు మాటలూ నా నోట వినడం ఆయనకి అలవాటు లేదు.

డాక్టరు అత్తయ్య వైపు తిరిగాడు. "రోజుకి కొంచెం కొంచెంగా పెంచారా అమ్మగారూ? నేనైనా అలాగే చేసేవాణ్ణి. ఒక్కసారే పెంచితే అన్నీ పోయేవి. కానీ ఇకమీదట నాలిక మీద వేసుకోకండి. కొన్ని పగడాల్లో విషం ఉంటుంది."

"ఇన్నాళ్ళూ నేను పీల్చిన పైపులో లేని విషమా?" అనుకున్నాను గానీ పైకి అనలేదు. ఎంతసేపూ పైపు నోట్లో పెట్టుకుని నీళ్ళు లాగేది నేనే మరి.

అప్పుడే దీపాలు వెలిగాయి. ముందు నీలంగా, తర్వాత తెల్లగా. నలుగురం ఒక్కసారే తొట్టి ముందు వంగాం. తెల్లటి ఎముకల మధ్య ఆ ఐదో తల ఉంది. దాని పెదవి ఉబ్బి ఉంది. చూస్తుండగా అందులోంచి ఒక పచ్చటి మొన బయటికొచ్చింది. దాని వెనకే ఇంకొకటి. పది, ఇరవై, లెక్క తప్పిపోయింది. బంగారు చుక్కలతో వేళ్ళన్నీ బయటికొచ్చి, అల వచ్చినప్పుడల్లా ఒకవైపుకి వాలి లేస్తున్నాయి. జానెడు కాదు, బెత్తెడే ఉన్నాయి. ఆ బెత్తెడుకే నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

డాక్టరు తన మూతబకెట్టుని కాలితో మెల్లగా గుమ్మం వైపు తోశాడు. "దీన్ని కదపను మేడమ్. ఇక్కడే బతుకుతుంది."

"అత్తయ్యా!" అని కేక పెట్టాను. మూడో అంతస్తేమిటి, మేడ మీది నీళ్ళ ట్యాంకు దాకా వినిపించి ఉంటుంది. ఆవిణ్ణి రెండు చేతులా వాటేసుకుని ఊపేశాను. "బతికింది అత్తయ్యా! మీరే బతికించారు! నన్ను క్షమించండి, అనరాని మాటలన్నాను..."

"అరవకే తల్లీ," అంది అత్తయ్య, తొట్టి మీంచి కళ్ళు తిప్పకుండా. "ఇప్పుడే లేచింది. జడుసుకుంటుంది."

గట్టిగా నోరు మూసుకున్నాను. తర్వాత ఆవిడ చెవి దగ్గరికి వంగి, ఆ క్షమాపణంతా మొదటి మాట నుంచి మళ్ళీ చెప్పాను, గుసగుసగా.