బూడిదరంగు గళ్ళు

ఆ వీధిలో అందరూ ఆమెను పళ్ళావిడ అంటారు. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు ఆ పేరు విని, సంచీ పట్టుకుని వచ్చి, "ద్రాక్షపళ్ళు ఉన్నాయా అండీ?" అని అడిగిన సందర్భాలు ఉన్నాయి. ఆమె చేసేవీ పళ్ళే. కాకపోతే తినేవి కావు, తినడానికి పనికొచ్చేవి. ఇరవై రెండేళ్ళుగా ఒక మేడమీది ల్యాబులో కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేస్తోంది. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనపు చిగుళ్ళ మీద ఒక్కొక్క పన్నే నిలబెట్టి, పై వరస కింది వరసతో సరిగ్గా కలిసేదాకా వదిలిపెట్టదు. వెంట్రుకవాసి తేడా వచ్చినా, పెట్టుకున్న మనిషి ముద్ద నమల్లేక తనను తిట్టుకుంటాడని ఆమె భయం.

ఒంటిగంటకు భోజనం. డబ్బా ఖాళీ చేసి, చేతులు కడుక్కుని, పేపర్లో ఏడో పేజీ తీసి, కింది మూలనున్న సుడోకు పూర్తి చేయనిదే ఆమెకు తిన్నది అరగదు. అదీ పెన్నుతోనే. "పెన్సిలు పట్టుకుంటే, తప్పు చెయ్యమని మనమే చెప్పినట్టు," అంటుంది.

ఒక సోమవారం ఆ గళ్ళలో ఆరు బూడిదరంగులో వచ్చాయి. ఎందుకో ఎక్కడా రాయలేదు. పక్క బల్ల దగ్గర పళ్ళకు మెరుగు పెట్టే పాలిష్ మాస్టారు మెడ చాచి చూసి, "ప్రెస్సులో మసి అంటుకుని ఉంటుంది లెండి," అని తీర్పు చెప్పేశాడు. ఆమె కూడా పట్టించుకోలేదు. మర్నాడు మళ్ళీ ఆరు గళ్ళు, వేరే చోట్ల. నింపాక వాటిలో పడిన అంకెలు పైనుంచి కిందికి ఇలా ఉన్నాయి: ఏడు, మూడు, మూడు, ఒకటి, ఒకటి, ఒకటి.

పెన్ను మూత పెట్టి లేచింది. కుళాయి దగ్గర ప్లాస్టర్ గిన్నె కడుగుతూ ఉంటే ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఏడులో మూడోది. ఇ.

ముప్పై అయిదేళ్ళ కిందటి మాట. వాళ్ళ నాన్నది నూలు మిల్లులో రాత్రి డ్యూటీ. పగలంతా పడుకునేవాడు. ఆయన నిద్రపోతుండగా ఇంట్లో గుసగుస వినిపించినా వీపు చిట్లేది. అందుకని ఆమె, ఆమె చెల్లెలు బుల్లి కలిసి చీటీల భాష ఒకటి కనిపెట్టారు. క నుంచి ఙ దాకా ఒకటో వరస, చ వరస రెండు, ట వరస మూడు, త వరస నాలుగు, ప వరస అయిదు. య నుంచి ళ దాకా ఆరు. అ, ఆ, ఇ, ఈ లాంటి అచ్చులన్నీ ఏడు. రెండంకెలు కలిస్తే ఒక అక్షరం: మొదటి అంకె వరస, రెండోది ఆ వరసలో ఎన్నో అక్షరమో. ఒత్తుంటే అక్షరం ఇంకోసారి రాయాలి. సున్నాలు, దీర్ఘాలు, గుడులు, కొమ్ములు రాసే ఓపిక ఇద్దరికీ లేదు. అవి ఎవరికి వాళ్ళు ఊహించుకోవాలి.

ఆ ఊహలతోనే వచ్చేది చిక్కు. ఒకసారి బుల్లి 'వంటింట్లో పాలు' అని చీటీ పంపితే, అక్క 'వంటింట్లో పులి' అని చదువుకుని, నోరు మూసుకుని పడీపడీ నవ్వింది. ఈలోగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, ఆ వాసనకు నాన్న లేచాడు. ఆ రోజు ఇద్దరి వీపులూ సమానంగానే చిట్లాయి.

ఇ, ట, క. ఇటుకా? ఇదేం మాట? చేతి తడి చీరకు తుడుచుకుని సోమవారం పేపరు కోసం వెతికింది. అది మిషను ముందు, పాలిష్ మాస్టారి కుర్చీ మీద పరిచి ఉంది.

"మాస్టారూ, కొంచెం లేవండి."

"ఎందుకమ్మా?"

"మీ కింద నాకు కావాల్సింది ఉంది."

ఆయన కంగారుగా లేచాడు. ఆమె పేపరు లాగి, దాని మీది తెల్లటి పొడి దులిపి, తను నిన్న నింపిన గళ్ళు చూసింది. ఏడు, ఒకటి. ఒకటి, ఒకటి. ఒకటి, ఒకటి.

అక్క.

అప్పుడు ఇటుక కాస్తా 'ఇంటికి' అయింది. ఆమె మాస్టారి కుర్చీలోనే కూలబడింది. ఈ లోకంలో ఆ భాష తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు తను. రెండోది రెండేళ్ళుగా ఎక్కడుందో తెలియని మనిషి.

అమ్మా నాన్నా పోయాక బుల్లి పదకొండేళ్ళు ఈమె ఇంట్లోనే ఉంది. పెళ్ళి వద్దంది. పిల్లలకు లెక్కలు చెప్పేది. మిగిలిన సమయమంతా చౌకళ్ళ కాగితాల మీద సుడోకులు తయారుచేస్తూ కూర్చునేది. చేసిన ప్రతిదీ అక్కచేత పూర్తి చేయించేది. ఇంటి పనిలో వంక పెట్టడానికి లేదు. ఒక ఆదివారం ల్యాబు వాళ్ళు భోజనానికి వచ్చారు. వాళ్ళలో ఎవరో, "మీ చెల్లెలుగారు ఏం చేస్తుంటారు?" అని అడిగారు. పళ్ళావిడ వడ్డిస్తూ, నవ్విద్దామనుకుని, "అదా? తింటుంది, గళ్ళు నింపుతుంది," అనేసింది. అందరూ నవ్వారు. బుల్లి కూడా నవ్వింది. తెల్లారేసరికి రెండు సంచులతో సహా లేదు. బల్లమీద చీటీ, మామూలు అక్షరాల్లోనే: 'గళ్ళు నింపుకోడానికి వేరే చోటు చూసుకున్నాను.'

ఫోను నంబరు మార్చేసింది. నెల తర్వాత ఏదో ఆఫీసు నుంచి బావకు ఫోను చేసి, "బాగున్నాను, వెతక్కండి," అని పెట్టేసింది. అంతే.

ఆ మాట ఎలా నోరు జారిందో పళ్ళావిడ ఎన్నిసార్లు తలచుకుందో లెక్కలేదు. సమాధానం చెప్పుకోవలసిన మనిషి ఎదురుగా లేకపోవడంతో ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఆ సాయంత్రం భర్తకు రెండు పేపర్లూ చూపించింది. ఆయన లిఫ్టుల మెకానిక్కు. గళ్ళ వంకా, భార్య మొహం వంకా మార్చి మార్చి చూశాడు.

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు రోజూ చేస్తున్నది బుల్లి పంపిన లెక్కలేనా?"

"ఏమోనండీ! పేరుంటే కదా తెలియడానికి."

"సరే, రేపేమొస్తుందో చూద్దాం. ముందు అన్నం తిను."

బుధవారం ఒంటిగంటదాకా ఆగలేకపోయింది. పొద్దున్నే బస్సులో నిలబడే నింపింది. ఈసారి బూడిద గళ్ళు నాలుగే. ఆరు, రెండు. నాలుగు, అయిదు. ర, న.

రాను.

అక్కా, ఇంటికి రాను.

దిగాల్సిన స్టాపు దాటి పోయిందని కండక్టరు చెప్పేదాకా ఆమెకు తెలియలేదు. ఆ రోజు ల్యాబులో ఎవరికో కుడివైపు కోర పన్ను తెచ్చి ఎడమవైపు నిలబెట్టింది. పాలిష్ మాస్టారు చూసి, ఆ సెట్టు ఆమె ముందు పెట్టి వెళ్ళాడు. ఇరవై రెండేళ్ళలో అలాంటిది ఎన్నడూ జరగలేదు.

గురువారం గళ్ళన్నీ తెల్లగా వచ్చాయి. చెప్పవలసింది చెప్పేసింది, ఇక చెప్పడానికేమీ లేదన్నమాట.

"నన్ను దెప్పడానికే రాసిందండీ," అంది ఆ సాయంత్రం. కళ్ళ నీళ్ళు కూరలో పడుతున్నాయని భర్త గరిటె లాక్కున్నాడు.

"రానని చెప్పడానికి మూడు రోజులు పేపర్లో రాస్తుందా? ఊరికే ఉంటే సరిపోదూ? రెండేళ్ళుగా రావట్లేదుగా?"

"దాని పంతం మీకు తెలియదు."

"నాకు పంతాలు తెలియవు, లిఫ్టులు తెలుసు. ఎక్కను అని చెప్పడానికి బటన్ నొక్కేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు."

ఆమె ముక్కు తుడుచుకుని ఆయన వైపు చూసింది. ఆయన మామూలుగా కూర కలుపుతున్నాడు. ఆ మాట ఆమె బుర్రలో తెల్లవార్లూ తిరుగుతూనే ఉంది. వచ్చినా రాకపోయినా మనిషి ఎక్కడుందో తెలుస్తుంది కదా, ఎదురుగా నిలబడి క్షమించమని అడగొచ్చు కదా, తర్వాత తిట్టినా పడొచ్చు అనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం, గోళ్ళలో ప్లాస్టర్ కూడా వదలకుండానే పేపరు ఆఫీసు మెట్లెక్కింది. ఏడో పేజీ చూసే ఆయన పాత పేపర్ల కట్టల మధ్య, ముక్కు చివర కళ్ళజోడుతో, చల్లారిపోయిన టీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. సుడోకు అన్న మాట వినగానే చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

"బూడిద గళ్ళ గురించేనా? మీరు నలభై ఒకటో మనిషమ్మా. ఏమన్నా బహుమతి ఉందా, లాటరీయా అని ఫోన్ల మీద ఫోన్లు. అందుకే నిన్నటి నుంచి తీసేయించాను."

పళ్ళావిడ బల్ల అంచు పట్టుకుంది.

"మీరు తీసేశారా? ఆవిడ కాదా?"

"ఆవిడ పంపించింది గళ్ళతోనే. ఇవి ఎవరికండీ అంటే, 'ఒక్క పాఠకురాలికి అర్థమైతే చాలు' అంది. ఒక్కరి కోసం నా చెవులు హోరెత్తాలా, మీరే చెప్పండి!"

"నిన్నటిది... ఆవిడ పంపిన కాగితం ఉందా?"

ఆయన సొరుగులో కాసేపు కలియబెట్టి, చౌకళ్ళ కాగితం ఒకటి తీసిచ్చాడు. అంకెలు చూడగానే ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఏడుకు మధ్యలో అడ్డగీత పెట్టడం బుల్లికి చిన్నప్పటి అలవాటు. బూడిద గళ్ళు పెన్సిలుతో నున్నగా రుద్ది ఉన్నాయి. రెండు, ఒకటి. అయిదు, ఒకటి. అయిదు, ఒకటి.

చ, ప, ప. చిప్ప? చప్ప? కాదు. చెప్పు.

ఇంటికి రాను, చెప్పు. ఒక్క క్షణం ఆమెకు కాలికి వేసుకునే చెప్పే కళ్ళముందు ఆడింది. వస్తే చెప్పుతో కొడతానంటోందా ఏమిటి! మరుక్షణం, 'రాను' దగ్గర ఉన్న కొమ్ము దానంతటదే ఊడిపోయి, దాని చోట దీర్ఘం వచ్చి కూర్చుంది.

అక్కా, ఇంటికి రానా? చెప్పు.

రెండు రోజులుగా గుండెల మీద కూర్చున్న బండ ఎవరో రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టినట్టయింది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి ఆమె నోట్లోంచి వచ్చింది. ఆయన భయపడి లేచి, తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"ఆ ఒక్క పాఠకురాలూ నేనేనండీ," అంది ఆమె కూర్చుంటూ. "నా చెల్లెలు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "అడ్రసు ఇవ్వడానికి లేదమ్మా, ఆఫీసు రూలు. కానీ నా ఫోన్లోంచి నేను ఎవరికైనా చేసుకోవచ్చు. ఆ ఫోను మీ చేతికి ఇవ్వకూడదని రూలేమీ లేదు." నంబరు నొక్కి చేతికిచ్చి, చల్లారిన టీ పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"నమస్కారం సార్. ఆదివారానిది నిన్ననే పంపేశాను. బూడిద గళ్ళు కూడా వెయ్యలేదు."

ఆ గొంతు వినగానే పళ్ళావిడకు దారంతా అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"దీర్ఘాలు పెట్టడం ఎప్పుడు నేర్చుకుంటావే నువ్వు?"

అవతలి నుంచి సన్నగా, "అక్కా?"

"అక్కే. బుధవారం నుంచి చచ్చిపోతున్నాను. 'రాను' అని చదివాను నేను."

"అయ్యో, రానా అని రాశానక్కా! మర్నాడు చెప్పు అని కూడా..."

"అది ఈయన తీసేశాడు. ఇప్పుడే చూశాను."

"నువ్వెప్పుడూ అంతే. ఏం రాసినా చెడ్డదే చదువుతావు."

"నేనన్న మాట అలాంటిది మరి. అంతకంటే మంచిది చదివే ధైర్యం ఎక్కడిది?" ఫోను రెండు చేతులా పట్టుకుంది. "బుల్లీ, ఆ రోజు నలుగురినీ నవ్వించాలని వాగాను. నిన్ను చిన్నబుచ్చి నవ్వించాను. తప్పయిపోయిందే. రెండేళ్ళుగా చెప్పాలని..."

"చాల్లే అక్కా, ఏడవకు. నువ్వు ఏడిస్తే నాకూ వస్తుంది. నేను లైబ్రరీలో ఉన్నాను. ఇక్కడ చప్పుడు చెయ్యకూడదు."

"లైబ్రరీలోనా?"

"ఇక్కడే, మన ఊళ్ళోనే పని చేస్తున్నాను. పొద్దున పుస్తకాలు, సాయంత్రం గళ్ళు. బాగానే ఉన్నాను. పోయిన నెల జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకున్నాను. పక్క గదిలో వాళ్ళు అన్నీ తెచ్చిచ్చారు, ఏ లోటూ లేదు. కానీ మందు వేసుకోలేదని ఒక్కళ్ళూ తిట్టలేదక్కా. అప్పుడు నువ్వు బాగా గుర్తొచ్చావు."

"మరి నేరుగా ఫోను చెయ్యొచ్చుగా!"

"చేస్తే నువ్వు పెట్టేస్తావేమోనని. ఇదైతే నువ్వు చూసి ఊరుకున్నా, అర్థం కాలేదేమో అనుకోవచ్చు."

ఇద్దరూ ఒకే భయంతో ఒకే ఊళ్ళో, రెండు బస్సుల దూరంలో రెండేళ్ళు కూర్చున్నారు.

"ఎప్పుడు వస్తావు?" అంది చివరికి.

"రేపు సగం రోజే. రెండింటికి అయిపోతుంది."

"మీ బావ వచ్చి తీసుకొస్తాడు."

"నాకు దారి తెలియదా ఏంటి?"

"తెలుసు. అయినా వస్తాడు."

శనివారం మూడున్నరకు బుల్లి గుమ్మంలో నిలబడింది. కొంచెం చిక్కింది, జుట్టు కత్తిరించుకుంది. చేతిలో ఒక్క సంచీయే ఉంది. అక్కకు ఆ ఒక్క సంచీ కనిపించింది. ఇద్దరూ కాసేపు ఎవరు ముందు కదలాలో తెలియనట్టు నిలబడ్డారు. వెనకనుంచి బావ, "దారివ్వండమ్మా, నేను కూడా ఈ ఇంటివాణ్ణే," అనేసరికి నవ్వులొచ్చి, ఆ నవ్వులోనే ఒకరి మీద ఒకరు పడ్డారు.

అన్నం తింటున్నప్పుడు బుల్లే ఎత్తింది ఆ సంగతి.

"అక్కా, నేను గది ఖాళీ చెయ్యట్లేదు. ఆ గది నాకిష్టం. శనివారం వచ్చి సోమవారం పొద్దున వెళ్తాను. ప్రతి వారం."

"రెండు రోజులేనా? ఇంత ఇల్లుండగా..." అని మొదలుపెట్టింది పళ్ళావిడ. చెల్లెలి మొహం చూసింది. పంతం లేదు అందులో. సొంత సంపాదనతో సొంత తాళంచెవి పెట్టుకున్న మనిషి నిబ్బరం ఉంది. "సరే," అంది. అన్నాక చూసుకుంటే నిజంగానే సరేగా ఉంది. "కానీ ఆదివారం రాత్రి తొమ్మిదింటికే సంచీ సర్దుకుని కూర్చోకు."

"సోమవారం పొద్దున్నే సర్దుకుంటానులే."

కబుర్లు చెబుతూ చెబుతూ, లైబ్రరీలో పుస్తకం మధ్య దువ్వెన మర్చిపోయిన ముసలాయన కథ సగంలో ఉండగానే, బుల్లి సోఫాలో ఒరిగి నిద్రపోయింది. భర్త వంటింటి గుమ్మంలోంచి, "టీ పెట్టనా?" అని కేకేశాడు. పళ్ళావిడ వేలు పెదవులకు ఆనించి, తల అడ్డంగా ఊపి, చెల్లెలి కాళ్ళు పైకెత్తి సర్దింది. కిటికీ తలుపు దగ్గరగా వేసి, ఆ పక్కనే నేల మీద కూర్చుంది. చెయ్యవలసిన పని చాలానే ఉంది. ఏదీ చెయ్యబుద్ధి కాలేదు.