నాలుగువందల పన్నెండు జతల పాదాలు

తమ్ముడి ఫోన్ వచ్చేసరికి అక్క మేడమీద గదిలో ఓ పాత కీబోర్డు మీటలన్నీ ఊడదీసి సబ్బునీళ్లలో నానబెడుతోంది.

"అక్కా, కంప్యూటర్ పోయింది. తెర నల్లగా ఉంది. షాపాయన వచ్చి, దీని మీద ఆశ వదులుకోండి అని వెళ్లిపోయాడు."

"మూత తీసి చూశాడా?"

"లేదు. దాని వయసు చూసి చెప్పాడు."

"నేనొచ్చేదాకా ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకు. నువ్వూ పెట్టకు."

తమ్ముడు బూట్లు కుట్టిస్తాడు. మామూలు బూట్లు కావు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకి, మడమ పక్కకి ఒరిగినవాళ్లకి, వేళ్లు పోయినవాళ్లకి. అతని భార్య టేపుతో కొలతలు తీసి కంప్యూటర్లో ఎక్కిస్తుంది. దాన్నిబట్టి పక్కనున్న మిషను ఆ పాదం అచ్చును చెక్కతో మలుస్తుంది. ఆ అచ్చు మీద తోలు బిగించి కుడతారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పద్ధతి, ఇదే కంప్యూటర్. కొత్తవాటి మాట ఆ మిషను చెవికెక్కదు.

అక్క ఇరవై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తీగలతో కాపురం చేసిన మనిషి. ఉద్యోగం మానేశాక, జనం పారేసిన కంప్యూటర్లు తెచ్చి బతికించడం మొదలుపెట్టింది. చుట్టాలు ఆమెను చాటుగా డొక్కుల డాక్టరమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఆ పేరు నచ్చింది కూడా.

ఆమె సంచీతో తమ్ముడి కొట్టు దగ్గర దిగేసరికి ముందుగదిలో బెంచీ మీద ఉత్తరాలు పంచే ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడ కుడి కాలు ఎడమదానికంటే రెండు వేళ్ల మేర పొట్టి. ఆ బూటు అడుగు ఊడిపోతే తాడుతో కట్టుకుని వచ్చింది.

అక్క మూత విప్పి టార్చి వేసింది. బోర్డు మీదున్న చిన్న బ్యాటరీ కారిపోయి, చుట్టూ పచ్చగా చిలుం పట్టింది.

"ఇంతేరా. దీనికే ఇంత రాద్ధాంతమా?"

వెనిగర్లో ముంచిన పళ్ల బ్రష్షుతో చిలుం తోమింది. స్పిరిటుతో తుడిచి ఆరబెట్టింది. భూతద్దం పెట్టి చూస్తే వెంట్రుకంత రాగి గీత ఒకచోట తెగి ఉంది. సన్నటి తీగ ముక్క వేసి అతికించింది. స్విచ్ వేయగానే పెట్టె కీచుమంది, తెర మీద అక్షరాలు వచ్చాయి. కొలతలన్నీ దాచి ఉన్న డిస్కు మాత్రం తిరగలేదు.

తమ్ముడి మొహం మళ్లీ వాడిపోయింది. అక్క డిస్కు ఊడదీసి, కాసేపు అరచేతుల మధ్య వెచ్చబెట్టి, మణికట్టుతో చటుక్కున ఒక్క తిప్పు తిప్పింది. మళ్లీ తగిలించాక అది గరగరలాడుతూ తిరిగింది.

"హమ్మయ్య. ముందు ఈవిడ అచ్చు తీసేస్తాను, పొద్దున్నుంచీ కూర్చుని ఉంది," అంటూ తమ్ముడు కుర్చీ లాక్కున్నాడు.

"లే అక్కణ్ణించి. ఇది మళ్లీ తిరుగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ముందు అందరి కొలతలూ బయటికి రావాలి."

"అక్కా, ఆవిడ..."

"నా గురించి ఆగకండి," అంది ఉత్తరాలావిడ గుమ్మంలోంచి. "ఆ పెట్టెలో నేనొక్కదాన్నే లేను కదా."

అక్క తన పాత కంప్యూటర్లోంచి పీకి తెచ్చిన నెట్‌వర్క్ కార్డును ఖాళీ గాట్లో కూర్చింది. కేబుల్ రెండో కొస మరదలి ల్యాప్‌టాప్‌కి పెట్టింది. రెండు యంత్రాల మధ్య పాతికేళ్ల ఎడం. మాట కలవడానికి అరగంట పట్టింది. తర్వాత పేర్లు ఒక్కొక్కటే ల్యాప్‌టాప్ తెర మీదికి దిగడం మొదలుపెట్టాయి. మరదలు పక్కనే నిలబడి, "ఈయనకి బొటనవేలు లేదు వదినా. ఈ పాపకిప్పుడు పెళ్లి కూడా అయింది," అని చెబుతూ ఉంది.

మూడువందల నలభై దగ్గర డిస్కు గట్టిగా మూలిగి ఆగిపోయింది. అక్క కరెంటు తీసేసి, చల్లారనిచ్చి, మళ్లీ మణికట్టు తిప్పింది. తిరిగింది. మిగతావీ వచ్చాయి, ఏడు తప్ప. ఆ ఏడింటి కోసం రెండుసార్లు చూసి, ఇక చాలనుకుంది.

"నాలుగువందల పన్నెండులో ఏడు పోయాయి. వాళ్లకి ఫోన్ చేసి రమ్మను, మళ్లీ కొలుద్దాం. దాచేదేం లేదు."

డిస్కు స్థానంలో మెమరీ కార్డు పెట్టి, మిషను నడిపే ప్రోగ్రామునీ కొలతలన్నిట్నీ అందులోకి ఎక్కించింది. చప్పుడు లేకుండా లేచింది కంప్యూటర్. కేబుల్‌ని గోడ వెంట లాగి ముందుగదికి తెచ్చింది. ఇకమీదట మరదలు కొలిచినచోటే కూర్చుని ల్యాప్‌టాప్‌లో కొట్టేస్తే, లోపల మిషనుకి అందుతుంది. సాయంత్రానికల్లా ఉత్తరాలావిడ అచ్చు చెక్కలోంచి బయటికొచ్చింది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "మా అమ్మ పాదం కూడా అచ్చం ఇలాగే ఉండేది," అంది.

అక్క ఇంకా అక్కడుండగానే, ఆ వారంలోనే ఏడుగురూ వచ్చారు. చివరగా వచ్చిన లైబ్రరీ ఆయన పాదం కొలిచి మరదలు అనుమానంగా తలెత్తింది.

"అన్నయ్యగారూ, మీ పాత బూటు దీనికంటే వేలెడు ఇరుకు. కరవట్లేదా?"

"పదకొండేళ్లుగా కరుస్తూనే ఉందమ్మా," అన్నాడాయన మొహమాటంగా. "కంప్యూటర్ లెక్క కదా, తప్పు నా కాలిదే అనుకున్నాను."

అక్క నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. మరదలు మాత్రం టేపు సవరించుకుని, ఆయన్ని మళ్లీ నిలబడమని, ఈసారి రెండుసార్లు కొలిచింది.