లోపలి మైకు

మా మసీదు మైకుకు రెండు స్విచ్చులు. ఒకటి లోపలి స్పీకర్లకు, రెండోది పైకప్పు మీది హారన్లకు. హారన్లు అజాన్‌కు మాత్రమే. శుక్రవారం ప్రసంగం ఎప్పుడూ లోపలే. స్విచ్చులు చూసేది మా ఆయన, కరెంటు పని ఆయనది. ప్రసంగం చేసే ఇమాం మా మామయ్య.

బస్టాండులో బాంబు పెట్టింది మా వీధి చివర టైర్ల కొట్టువాళ్ళ అబ్బాయే అని తేలాక, బళ్ళో మా పిల్లాడి పక్కన కూర్చోవడం అందరూ మానేశారు. వాడికి ఆరేళ్ళు. "అమ్మా, నా దగ్గర కంపు కొడుతోందా?" అని అడిగాడు. సబ్బుతో మళ్ళీ స్నానం చేయించాను, పిచ్చిదాన్ని.

గురువారం కమిటీ పెద్ద ఇంటికొచ్చాడు. ఈసారి హారన్లు కూడా వేయాలి, మనం దీన్ని ఖండిస్తున్నామని ఊరంతా వినాలి అన్నాడు. మా మరిది ఊరుకోలేదు. ఇంకెవరైనా తప్పు చేస్తే వాళ్ళ పెద్దల్ని సంజాయిషీ అడుగుతున్నారా అని ఎదురు తిరిగాడు.

"గుమ్మడికాయల దొంగ అంటే మనమెందుకు భుజాలు తడుముకోవాలి నాన్నా?"

"తడుముకుంటే పోయేదేముందిరా? బూడిద ఉంటే దులుపుకుంటాం" అన్నాడు మామయ్య. హారన్లకు మాత్రం ఒప్పుకోలేదు. ఊరికి చెప్పే మాట వేరు, ఇంట్లో పిల్లలకు చెప్పే మాట వేరు అన్నాడు. నాకైతే హారన్లు వేస్తేనే బాగుండుననిపించింది. వంటింట్లో మా ఆయనతో అన్నాను కూడా. నాన్న మాట దాటనన్నాడు.

దాటలేదు. శుక్రవారం లోపలి స్విచ్చే వేసి వరసలో కూర్చున్నాడు. రెండోది కమిటీ పెద్ద వేశాడు, మంచికేననుకుని. మేడమీద ఆడవాళ్ళ గదిలో ఉన్న నాకు మామయ్య గొంతు కిందినుంచీ పైనుంచీ వినిపించింది. బడిదాకా వినబడుతుందని సంతోషపడ్డాను.

అమాయకుల్ని చంపడం పాపమనీ, దానికి ఏ సాకూ చెల్లదనీ గట్టిగా చెప్పాడు. తర్వాత గొంతు తగ్గింది.

"ఆ అబ్బాయి ఈ మూడో వరసలో కూర్చునేవాడు. పగ తీర్చుకోవడం పుణ్యమేగా అని నన్నొకసారి అడిగాడు. కుర్రతనం అనుకుని కసిరి పంపేశాను. కూర్చోబెట్టి మాట్లాడాల్సింది. మీలో ఎవరి మనసులోనైనా అలాంటి మాట తిరుగుతుంటే నా దగ్గరికి రండి. ఈసారి కసరను."

లోపల ఫోన్లు చూసుకునే కుర్రాళ్ళు తలలెత్తారు.

బయట రోడ్డు మీది వాళ్ళకు మాత్రం ఒక్క ముక్కే చెవిన పడింది: ఇమాంకు ముందే తెలుసట. నమాజు అయి చెప్పులు వేసుకునేలోపే గేటు దగ్గర జనం. పోలీసులొచ్చి మామయ్యను తీసుకెళ్ళారు.

ఆ సాయంత్రమే ఒక కుర్రాడు మా తలుపు తట్టాడు. గొలుసు తీయకుండా సందులోంచి చూశాను. "అక్కా, ఇమాంగారున్నారా? కొంచెం మాట్లాడాలి" అన్నాడు. లేరన్నాను. ఎవరబ్బాయివని అడిగేలోపే మెట్లు దిగిపోయాడు. ముఖం కూడా సరిగ్గా చూడలేదు.

మామయ్యను మర్నాడు వదిలిపెట్టారు. ఇకమీదట తాము రాసిచ్చిందే చదవాలన్నారు కమిటీవాళ్ళు. మనవడి ముఖం చూసి సరేనన్నాడు. పై శుక్రవారం ఆ కాగితం హారన్లలో చదివాడు. తప్పు మాటేమీ లేదు అందులో. మరిది మాత్రం, నాన్న మనల్ని చూసి చదవలేదు, గోడను చూసి చదివాడన్నాడు. బళ్ళో టీచరమ్మ, మీ మామగారు బాగా మాట్లాడారని మెచ్చుకుంది. మా పిల్లాడి పక్కన ఇప్పుడో పాప కూర్చుంటోంది. నేను కోరుకున్నది అదే కదా, దొరికింది.

ప్రతి సాయంత్రం మామయ్య తలుపు దగ్గర కుర్చీ వేసుకుంటాడు.

"ఆ తలుపు తట్టిన కుర్రాడు మళ్ళీ వచ్చాడామ్మా?"

"లేదు మామయ్యా."

గొలుసు తీసే ఉంచుతున్నాను.