కొండ మోయని తాబేలు

నేను ఒక తాబేలు డిప్పను. అయితే నిజం తాబేలు ఏదీ నన్ను ఏనాడూ మోయలేదు. వెదురు బద్దలు, కాగితపు గుజ్జు, గోనెపట్టా, పైన మూడు పూతల రంగు, ఇదీ నా వంశం. అయినా ఒకప్పుడు నన్ను సాక్షాత్తూ కూర్మావతారం అన్నారు. అలా అన్నవాళ్ళే ఇప్పుడు స్టూడియో గోదాములో నా మీద విరిగిన కుర్చీలు పడేసి పోతున్నారు. మనుషుల తీరే అంత. వాళ్ళ మీద కోపం తెచ్చుకుందామనుకుంటాను గానీ, నా తప్పు గుర్తొచ్చి ఊరుకుంటాను.

నేను పుట్టింది ఒక పిల్లల పుస్తకం పుణ్యమా అని. విజయనగరం దగ్గర పల్లెబడిలో పనిచేసిన హైమావతి టీచరు రాసిన పుస్తకం అది. క్షీరసాగర మథనం కథే, కానీ చెప్పేది దేవతలూ కాదు, రాక్షసులూ కాదు, అడుగున కొండ మోసిన తాబేలు. అందులో ఒక చిన్నపిల్ల సముద్రం అడుగుకి దిగి, "నీకు నొప్పి పుట్టడం లేదా?" అని తాబేలును అడుగుతుంది. పిల్లలు ఆ పుస్తకాన్ని అట్టలు ఊడేదాకా చదివారు. సినిమా తీస్తామని వచ్చిన నిర్మాతకు టీచరు పెట్టిన షరతు ఒక్కటే, ఆ సీను ఉండాలని. ఆయన తల ఊపాడు. ఆవిడ ఆ తల ఊపునే నమ్మింది, కాగితం మీద రాయించుకోలేదు.

ఆ సీను మీద అంత పట్టు ఎందుకో నాకు తెలుసు. నన్ను తయారుచేస్తున్న నాగభూషణాచారిని చూడ్డానికి వచ్చినప్పుడు ఆవిడే చెప్పింది.

"పోలమ్మని ఒక పిల్ల ఉండేదండీ, మూడో తరగతి. తమ్ముణ్ణి చంకనేసుకునే బడికొచ్చేది. నేను ఈ కథ చెబుతుంటే లేచి, 'అంత కొండెత్తుకుంటే తాబేలుకి నొప్పెట్టదేటి టీచరూ' అంది. సిలబస్ అవ్వలేదన్న కంగారులో ఉన్నాను, కసిరాను. ఆ నెల్లోనే బడి మానేసింది. దానికి జవాబు చెబుదామనే పుస్తకం రాశాను ఆచారిగారూ. కానీ చదువు రాని పిల్లకి పుస్తకమేం చేరుతుంది? సినిమా అయితే ఎక్కడున్నా చూస్తుంది."

ఆ రోజు నుంచి ఆచారి నన్ను కన్నబిడ్డలా చూసుకున్నాడు. గుజ్జు పొర మీద పొర పరిచి, ప్రతి పొరనూ గోటితో నొక్కి చూసేవాడు. ఆఖరి పొర వేశాక మూడు రోజులు గట్టి ఎండ కావాలన్నాడు. ఆ ఎండే నాకు దొరకలేదు. ఎల్లుండి నుంచి మూఢం, ఈలోగా ముహూర్తపు షాట్ పడి తీరాలి, అదీ కూర్మావతారం మీదే పడాలి అని నిర్మాత పట్టుబట్టాడు.

"లోపల ఇంకా పచ్చిగానే ఉందండీ. బరువు పెడితే ఆగదు," అన్నాడు ఆచారి.

"రంగేస్తే ఎవరికి తెలుస్తుందయ్యా," అన్నాడు మేనేజరు.

రంగేశారు. కొబ్బరికాయ కొట్టారు. హారతి ఇచ్చారు. గొలుసులతో మందరగిరిని దించి నా వీపు మీద ఆనించారు. పుస్తకంలోని పిల్ల వేషం వేసిన పాప దగ్గరికొచ్చి నా అంచు మీద చెయ్యి వేసింది. "నీకు నొప్పి" అన్నదో లేదో, నా నడుము ఫెళ్ళుమంది. కొండ ఒరిగింది. దెబ్బలు ఎవరికీ తగల్లేదు, పరువు మాత్రం నాదే పోయింది.

నిర్మాత మొహం పాలిపోయింది. తాబేలు చొరబడిన ఇల్లు బాగుపడదని ఆయన చిన్నప్పటి నుంచీ విన్నవాడు. ఆఫీసులో బల్ల మీద మాత్రం నీళ్ళ పళ్ళెంలో ఇత్తడి తాబేలును పెట్టుకున్నాడు, అది కలిసొస్తుందట. ఈ రెండింటికీ ఎలా పొసగుతుందో ఎంత ఆలోచించినా నాకు అర్థం కాలేదు. "మొదటి షాటుకే వీపు పగిలిన తాబేలును పెట్టుకుంటే మునిగిపోతాం, తీసెయ్యండి," అన్నాడు. ఆచారి నన్ను అతికి, వారం రోజులు ఎండబెట్టి, మునుపటి కంటే గట్టిగా నిలబెట్టాడు. నన్ను మళ్ళీ ఎవరూ పిలవలేదు. టీచరు రెండుసార్లు వచ్చి ఆఫీసు బయట కూర్చుని వెళ్ళింది. చివరికి కొండ కంప్యూటర్లో ఏదో వెలుగు మీద గిర్రున తిరిగింది. పాప అడిగే సీను పోయిన చోట ఒక ఫైటు పెట్టారు. సినిమా బ్రహ్మాండంగా ఆడింది.

విడుదలైన నెలకి టీచరు గోదాముకొచ్చింది. ఆచారి కుర్చీ దులిపి వేశాడు.

"పోలమ్మ ఫోన్ చేసిందండీ," అంది ఆవిడ.

"దొరికిందా అమ్మా?"

"తెర మీద నా పేరు వాళ్ళబ్బాయి చదివి చెప్పాడట. బళ్ళో నంబరు కనుక్కుని చేసింది. ఇటుకబట్టీలో పనట, తల మీద ఇటుకలు మోస్తోంది."

"సినిమా ఎలా ఉందందండీ?"

"'సానా బాగుంది టీచరూ, పిల్లలు ఒకటే నవ్వు' అంది."

"మరి తాబేలు గురించి?"

ఆవిడ నా అతుకును చేత్తో నెమ్మదిగా నిమిరింది.

"అడగలేదండీ. అడగడం ఎప్పుడో మానేసినట్టుంది."

 ఆ ముహూర్తం రోజు నేను ఇంకొక్క నిమిషం ఓర్చుకుని ఉంటే, తెర మీద తన మాట పోలమ్మ తన చెవులతో వినేది.